నీళ్ల నొప్పి కాదన్నారు

మా దిక్కు ఊళ్ల నుంచి ఒళ్లు నొప్పులని దవాఖానకు పోతే డాక్టరు ముందు అడిగేది ఎక్కడ నొప్పి అని కాదు, ఏ ఊరు అని. ఊరి పేరు చెప్పగానే కలం తీసి చీటీ రాస్తాడు. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డుకు ఇటూ అటూ ఉన్న మా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంది. ఆ నీళ్లు తాగితే పళ్లు గారపడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, నడుములు వంగుతాయి. ఇది అందరికీ తెలిసిన సంగతి. అందరికీ తెలిసిన సంగతి కావడం వల్లనే నా జబ్బు రెండేళ్లపాటు ఎవరికీ కనిపించలేదు. నాకు కూడా.

ఇప్పుడు 1996. గండం గడిచిందనే అనుకుంటున్నాను కాబట్టి కూర్చొని రాస్తున్నాను. తేదీలు నాకు గుర్తుంటాయి. అందాజుగా చెప్పాల్సిన చోట అందాజు అనే రాస్తాను.

నా పేరు సుగుణమ్మ. ఊళ్లో పాలక్క అంటారు. పిల్లలు లేరు. మా ఆయన పోయిన తర్వాత ఊరి పాల కేంద్రంలో కుదిరి పదహారేళ్లు పనిచేశాను. రెండు పూటలా పాలు పోయించుకోవడం, వెన్న శాతం కట్టడం, క్యాన్లు లారీకి ఎక్కించడం. వెన్న కట్టడమంటే గాజు గొట్టంలో ఆసిడ్ పోసి, దాని మీద పాలు పోసి, చేతి మిషన్‌లో పెట్టి తిప్పడం. కొవ్వు పైకి తేలుతుంది. ఎంత తేలిందో గొట్టం మీది గీతల్లో చదవాలి. నేను అర గీత ఎవరికీ ఎక్కువ వేయలేదు, ఎవరికీ తగ్గించలేదు. అందుకే ఊళ్లో నాకు మర్యాద ఎక్కువ, స్నేహాలు తక్కువ.

ఉన్న ఒక్క స్నేహం ఖాజాబీ. మా వెనక సందులో ఉంటుంది, రెండు బర్రెలు. నీళ్ల నొప్పి ఆమెకు ముప్పై ఏళ్లకే పట్టింది. మెడ తిరగదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. ఆమె పాలు పోసేటప్పుడు గొట్టం వైపు చూడకుండా నా ముఖం వైపే చూసేది, మెడ అటు తిరగదని. నేను మాత్రం పాలలో నీళ్లున్నాయి కాబట్టే గొట్టం చూడటం లేదని అనేదాన్ని.

1987 మే నెలలో నా వెన్ను మధ్యలో, ఒక్క చోట, నొప్పి మొదలైంది. క్యాను ఎత్తబోయి ఆగిపోవడం ఖాజాబీ చూసింది.

“వచ్చిందా నీక్కూడ?” అంది. “ఇన్నేండ్లు మా పాలల్ల నీళ్లు ఎతికినవ్. గిప్పుడు ఆ నీళ్లే నిన్ను ఎతుక్కుంట వచ్చినయ్.”

వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో నాకు ధైర్యం ఉండింది. ఊరందరి నొప్పి నాకూ వచ్చింది, అంతే. ఆముదం ఎట్లా కాచి రాయాలో, ఏ ఆకు కట్టాలో, పొద్దున లేచేటప్పుడు ముందు ఏ చేయి ఆనించాలో, అడగకుండానే చెప్పేవాళ్లు ఇంటింటికీ ఉన్నారు. అంతకు ముందెప్పుడూ ఊళ్లో ఆడవాళ్లు నాతో అంత చనువుగా మాట్లాడలేదు.

ఒక తేడా మాత్రం నాకు తెలుస్తూనే ఉంది. ఖాజాబీకి పొద్దున బిగుసుకున్న ఒళ్లు పనిలో పడితే కొంచెం వదిలేది. నాకు పని చేస్తే ఎక్కువయ్యేది. ఆమెకు ఒళ్లంతా. నాకు ఒక్కచోట, వేలు పెట్టి చూపించగలిగినంత జాగాలో. ఈ తేడాను గమనించాను, పక్కన పెట్టాను. వెన్న శాతంలో ఇంత తేడా వస్తే మళ్లీ కట్టేదాన్ని.

1988లో మూడు సార్లు నల్లగొండ దవాఖానకు వెళ్లాను. మూడు సార్లూ ఒకటే ప్రశ్న.

“ఏ ఊరమ్మా?”

చెప్పాను.

“నీళ్లు మార్చు.”

నీళ్లు మార్చాలంటే మేము ఊరు మార్చాలి. హాలియా దిక్కు కాలువ పారుతుంది. మా గుట్టల మీదికి కాలువ ఎక్కదు. మూడోసారి వెళ్లినప్పుడు ఆయాసం కూడా ఉందని చెప్తే మూత్ర పరీక్ష రాశారు. గాజు గొట్టంలో పోసి, దీపం మీద మరగబెట్టి, వెలుతురుకు ఎత్తి చూసి ఏమీ లేదన్నారు. ఆ పరీక్షలో వాళ్ల తప్పేమీ లేదని తర్వాత తెలిసింది. చూడాల్సిన పద్ధతిలోనే చూశారు.

1989 ఫిబ్రవరిలో, సాయంత్రం పాలప్పుడు, సగం నిండిన క్యాను జరిపాను. ఎత్తలేదు, జరిపాను. వెన్నులో ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఎవరో కట్టె విరిచారనుకొని వెనక్కి చూడబోయాను. చూడలేకపోయాను. అట్లాగే కింద కూర్చుండిపోయాను. పాల లారీలోనే ముందు సీట్లో పడుకోబెట్టి నల్లగొండ తెచ్చారు. అక్కడి నుంచి మా తమ్ముడు సుదర్శనానికి కబురు పోయింది. వాడు షాద్‌నగర్‌లో ఒక కార్ఖానాలో పనిచేస్తాడు, అక్కడే కిరాయి ఇంట్లో ఉంటాడు. వచ్చి నన్ను హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడ చీటీ రాసే కిటికీ దగ్గర గుమాస్తా ఊరేదని అడిగాడు. తమ్ముడు షాద్‌నగర్ అని చెప్పాడు. బల్ల మీద పడుకున్న నాకు వినిపించింది.

“మనది షాద్‌నగర్ కాదు గద” అన్నాను.

“జర ఊకో అక్కా. దూరపు ఊరంటె మళ్ల మళ్ల రమ్మనరు. ఏ ఊరైతేంది?”

“తప్పు రాయించినవ్. దిద్దియ్యి పో.”

“తప్పైతే నన్నే జైల్ల ఏస్తరు. నువ్వు పండుకో.”

దిద్దించలేదు. నా బతుకు మలుపు తిరిగింది ఆ తప్పు దగ్గరే. లోపల చిన్న వయసు డాక్టరు చీటీ చూశాడు. షాద్‌నగర్ అని చదివాడు. అందుకని ఊరి సంగతి వదిలేసి ఎక్కడ నొప్పి అని అడిగాడు. వేలు పెట్టి చూపించాను. అక్కడ మెల్లగా నొక్కాడు. నేను అరవలేదు కానీ ఆయన నా ముఖం చూసి చేయి తీసేశాడు. ఎక్సరే తీయించాడు.

ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టుకొని నాకూ చూపించాడు. నా వెన్నెముకలు, పక్కటెముకలు. వాటిలో గుండ్రటి నల్లటి రంధ్రాలు. పురుగు పట్టిన జొన్నల్లా ఉన్నాయి.

“ఇది నీళ్లదా సారూ?” అన్నాను.

“ఏ నీళ్లు?”

అప్పుడు నా ఊరు ఏదో చెప్పాను. ఆయన ఫిల్మును మళ్లీ వెలుతురుకు ఎత్తాడు. “ఫ్లోరైడు పట్టిన ఎముక ఫిల్ములో ఇంకా తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది. మీది తినేసినట్టుంది” అన్నాడు. తర్వాత, “ఆ ఊరి పేరు ముందే విని ఉంటే నేను కూడా ఫిల్ము తీయించేవాడిని కాదేమో” అన్నాడు. ఒక డాక్టరు ఆ మాట పైకి అనడం చిన్న సంగతి కాదు. ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

తమ్ముడు నా వైపు చూసి, “ఇంక దిద్దియ్యాల్నా అక్కా?” అన్నాడు. వాడి కళ్లల్లో నీళ్లున్నాయి.

మార్చిలో నడుముకు బెల్టు బిగించాక మెల్లగా నడవగలిగాను. మూత్రం సీసా ల్యాబుకు నేనే పట్టుకెళ్లాను. అక్కడ పనిచేసే అమ్మాయిది కల్వకుర్తి. నా మాట వినగానే, “మా దిక్కోళ్లేనా అమ్మా?” అని స్టూలు జరిపింది. చేసేది చూస్తానన్నాను. చూడమంది.

“నల్లగొండల చేసిండ్రు బిడ్డా. కాచి చూసి ఏం లేదన్నరు.”

“తెర్లబెట్టి చూసిన్రా? మామూలు ప్రోటీనైతే తెర్లితే ఇరుగుతది, పాల లెక్క. సారు ఏరే దానికోసం చూడుమన్నరు.”

గాజు గొట్టాన్ని నీళ్ల గిన్నెలో నిలబెట్టి, పక్కన థర్మామీటరు పెట్టి, కింద మంట సన్నగా పెట్టింది. నీళ్లు ఇంకా మరగలేదు. చేయి పెడితే కాలేంత వేడి మాత్రమే ఎక్కి ఉంటుంది. అప్పుడే గొట్టంలో మబ్బు పట్టింది. చూస్తుండగానే పల్చటి గంజిలా అయింది. తర్వాత మంట పెంచింది. నీళ్లు మరిగాయి. గొట్టం తేటపడింది.

“పోయింది” అన్నాను. నాకే తెలియకుండా గొంతు పెరిగింది.

“పోలేదమ్మా. జర ఆగుండ్రి.”

గొట్టం బయటికి తీసి చెక్క మీద నిలబెట్టింది. మా ఊరి నీళ్ల గురించి అడిగింది, నేను చెప్తున్నాను. మాట మధ్యలో అటు చూస్తే మబ్బు మళ్లీ వచ్చి ఉంది.

“గిది తెర్లితే దాసుకుంటది, సల్లారితే బయటికొస్తది” అంది ఆ అమ్మాయి. అని, నా ముఖం చూసి, చేయి మీద చేయి వేసింది.

పదహారేళ్లు పాలు చూసిన దాన్ని. విరిగిన పాలు మళ్లీ తేటపడటం ఎన్నడూ చూడలేదు. నా ఒంట్లో ఉన్నది నేను ఎరిగిన ఏ పదార్థంలాగానూ నడుచుకోవడం లేదని అక్కడ స్టూలు మీద కూర్చొని అర్థం చేసుకున్నాను. భయం అప్పుడు పుట్టింది. ఎముక విరిగినప్పుడు కాదు.

తర్వాతి వారం డాక్టరు కాగితం లాంటి రెండు సన్నటి పట్టీలు బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఆరోగ్యంగా ఉన్న మనిషిది, ఒకటి నాది. రక్తంలోని తేటను ఒక చుక్క పట్టీ మీద పెట్టి కరెంటు పారిస్తే, అందులోని ప్రోటీన్లు దేని గుణాన్ని బట్టి అది ఒక్కో దూరం పోతాయట. రంగు వేస్తే కనిపిస్తాయి. మొదటి పట్టీలో ఒక చివర ముదురు చార, తర్వాత లేత చారలు, రెండో చివర మంచు పరుచుకున్నట్టు మసక. నా పట్టీలో ఆ మసక ఉండాల్సిన చోట కలంతో గీసినట్టు ఒక్క నల్లటి గీత.

“రోగాలతో పోరాడటానికి ఒంట్లో ఎన్నో రకాల ప్రోటీన్లు తయారవుతాయి. అవన్నీ కలిసి ఇక్కడ ఇట్లా మసకగా పరుచుకోవాలి” అన్నాడు డాక్టరు. “మీ ఎముకల మజ్జలో ఒక్క కణం అదుపు తప్పి, దాని సంతానమే పెరిగిపోయింది. అవన్నీ ఒక్కటే ప్రోటీను చేస్తున్నాయి. దానికి పనేమీ లేదు. పనిచేసేవాటికి చోటు లేకుండా చేస్తోంది.”

“అరవై ఇండ్ల పాలు కలవాల్సిన క్యానుల ఒక్క బర్రె పాలే నిండినట్టా?”

“అంతే.”

“ఆ బర్రె పాలైనా మంచియి కావు.”

ఆయన నవ్వాడు. నవ్వాక అసలు సంగతి చెప్పాడు. పేరు మైలోమా. కాన్సరులో ఒక రకం. నాలుగు రోజులు మాత్రలు, తర్వాత కొన్ని వారాలు ఆపడం, మళ్లీ నాలుగు రోజులు. మూడు నెలలకొకసారి ఈ పట్టీ తీస్తారు. గీత పలచబడితే మందు పనిచేస్తున్నట్టు.

“పలచబడకపోతే?”

“ఇంతకు మించిన మందు ఇప్పుడు మా దగ్గర లేదమ్మా.”

“నేను ఊరికి ఎప్పుడు పోవచ్చు?”

“గీత సగమైనప్పుడు ఆలోచిద్దాం.”

అప్పటి నుంచి నా బతుకు ఆ గీత మీద నిలబడింది. చన్నీళ్లు, వేన్నీళ్లు, కూర, నిద్ర, అన్నీ దాని తర్వాతే.

1989 ఏప్రిల్ నుంచి షాద్‌నగర్‌లో తమ్ముడి ఇంట్లో ఉన్నాను. రెండు గదులు. ముందు గదిలో నా మంచం. కిటికీలోంచి రైలు కనిపించదు, వినిపిస్తుంది. తమ్ముడు షిఫ్టుకు పోతాడు, పిల్లలు బడికి పోతారు, మరదలు వనజ వెనక గదిలో పని చేసుకుంటుంది. మధ్యాహ్నమంతా గోడకున్న గడియారమూ నేనూ.

ఊళ్లో ఒంటరిగానే ఉండేదాన్ని. ఇరవై ఏళ్లు ఒక్కదాన్నే వండుకొని తిన్నాను. అది ఒంటరితనమని అనుకోలేదు. షాద్‌నగర్‌లో నలుగురి మధ్య ఉండి తెలుసుకున్నాను. నొప్పి అని మూలిగితే ఊళ్లో ఎవరో ఒకరు, నాకూ అంతే, అనేవాళ్లు. ఇక్కడ ఆ మాట అనేవాళ్లు లేరు. నా జబ్బుకు తెలుగులో పేరే లేదు. పక్కింటివాళ్లు అడిగితే తమ్ముడు “నడుము నొప్పి” అనేవాడు. వనజ “ఎముకల జబ్బు” అనేది. నేను ఉన్న పేరు చెప్పేదాన్ని. విని వాళ్లు మాట మార్చేవాళ్లు.

దవాఖానలో వేచి ఉండే హాలులో కొంచెం నయం. అక్కడ అందరికీ ఏదో ఒకటి ఉంటుంది. ఒకసారి హాలియా దగ్గరి నుంచి మొగుడికి చూపించడానికి వచ్చిన ఆమె నా పక్కన కూర్చొని బత్తాయి ఒలిచి సగం నా చేతిలో పెట్టింది. మీకేమి జబ్బు అని అడిగింది. చెప్పాను.

“అంటుకుంటదా?” అంది, తన సగం నోటి దగ్గర ఆపి.

“అంటుకోదు.”

“నిజమేనా అక్కా?”

“డాక్టరును అడిగే చెప్తున్న.”

“అయితే సరే” అని తినేసింది. ఆ హాలులో నాకు అంత సూటిగా మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. పేరు అడగలేదు, అదొక లోటు.

అంటుకోవడం గురించి ఇంకో సంగతి. మే నెలలో చూశాను, నా కంచం, గ్లాసు వేరే గూట్లో ఉంటున్నాయి. గ్లాసు అడుగున గోళ్ల రంగుతో ఎర్రటి బొట్టు పెట్టి ఉంది. పిల్లలు నా మంచం దగ్గరికి వస్తే వనజ వెనక్కి పిలిచేది. నీళ్లు తాగిన ప్రతిసారీ గ్లాసు తిప్పి ఆ బొట్టు చూసేదాన్ని.

జూలైలో, మాత్రలు మొదలయ్యాక మొదటి పట్టీ వచ్చింది. గీత మునుపటిలాగే ఉంది. డాక్టరు, తొందరపడొద్దన్నాడు. బస్సులో తమ్ముడు కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను పట్టీలో గీత మందం కళ్లలో కొలుచుకుంటూ కూర్చున్నాను. ఒక పిసరు తగ్గి ఉండొచ్చా అని. తగ్గలేదు. అర గీత కూడా తప్పు చదవని కళ్లు నావి, ఆ రోజు అవి నాకు శత్రువులు.

ఆగస్టులో ఖాజాబీ వచ్చింది. బిగుసుకున్న వెన్నుతో, రెండు బస్సులు మారి, జొన్నరొట్టెలు మూటకట్టుకొని. మంచం పక్కన కూర్చొని మనిషంతా నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. మందులకు నా జుట్టు పలచబడింది, ముఖం ఉబ్బింది.

“గుండ్రంగైనవ్” అంది. “ఊల్లె ఎవలన్న చూస్తే తమ్ముని తిండి మంచిగున్నదంటరు.”

“పాల కేంద్రం ఎట్ల నడుస్తాంది?”

“మస్తు నడుస్తాంది. కొత్తాయన గొట్టం దిక్కు సూడడు, మా ముఖాలే సూస్తడు. నా బర్రెలు గీ వయసుల వెన్న పెంచినయ్.”

నవ్వితే నా పక్కటెముకలు నొచ్చాయి. నవ్వొద్దన్నాను. కాసేపటికి ఆమే నవ్వు మానింది.

“అక్కా, ఊల్లె అంటున్నరు, పాలక్కది నీళ్లది కాదట అని. నిజమేనా?”

“నిజమే.”

“మరి ఏందది?”

మబ్బు పట్టి, తేటపడి, మళ్లీ మబ్బు పట్టిన గొట్టం సంగతి చెప్పాను. పట్టీలో గీత సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నది. చివరికి, “గట్లనా. అయితే నీది మాది కాదన్నట్టు” అంది.

ఆమె మనసులో ఏ చెడూ లేదు. ఉన్నమాటే అన్నది. నా గుండెలో మాత్రం అది దిగబడిపోయింది. పోయేటప్పుడు, “పాలల్ల చెంచెడు నీళ్లు పట్టినవ్ గని, నీ ఒంట్ల ఏమున్నదో పట్టలేకపోతివి పాలక్కా” అంది. గడప దాటాక వెనక్కి చూడలేదు, మెడ తిరగదు కాబట్టి. బస్టాండు వైపు నడిచిపోతున్న ఆ నిటారు వీపును కిటికీలోంచి మూల తిరిగేదాకా చూశాను.

అక్టోబరు పట్టీలో గీత పలచబడింది. మందం తెలిసేంత కాదు, రంగు తెలిసేంత. డాక్టరు చెప్పకముందే నేను చూశాను. ఆయన ముఖం వైపు చూస్తే ఆయన నా ముఖం వైపే చూస్తున్నాడు. “చదివేశారన్నమాట” అన్నాడు. 1990 జనవరి పట్టీలో సగానికి సగం తగ్గింది. పక్కన మసక మళ్లీ కొంచెం కొంచెం పరుచుకుంటోంది. పనిచేసే ప్రోటీన్లు తిరిగి వస్తున్నాయన్నాడు.

మార్చిలో ఊరికి ప్రయాణమయ్యాను. వనజ నా సామాను కడుతూ ఆ కంచం, గ్లాసు కూడా సంచిలో పెట్టబోయింది.

“ఇవి ఇక్కడివే కదా” అన్నాను.

“నీకే వదినె. నువ్వొచ్చిన నెలనే డాక్టరు సారు మీ తమ్మునికి చెప్పిండు, ఒంట్ల రోగాన్ని ఆపే బలం లేదు, పిల్లల జలుబు గిట్ల అంటుకుంటె కష్టమని. అందుకే దినాం తెర్లే నీళ్లల్ల కడిగి విడిగ పెట్టిన. నీకు చెప్తే భయపడతవని చెప్పలే.”

పది నెలలు ఆ ఎర్రబొట్టును నేను ఒక రకంగా చదివాను. ఆమె చెప్పింది నిజమో, ఆ పూట నా కోసం అల్లిందో తేల్చుకోవాలని మొదట అనుకున్నాను. డాక్టరును అడిగితే తెలిసేది. అడగలేదు. ఆ గ్లాసులోనే ఇప్పటికీ నీళ్లు తాగుతాను.

ఊళ్లో అందరూ మంచిగానే చూశారు. అదే కష్టమైంది. అప్పటికి మా ఊరికి ట్యాంకరులో మంచినీళ్లు రావడం మొదలైంది. ట్యాంకరు దగ్గర బిందెల వరుస పొడుగ్గా ఉండేది. నేను పోతే అందరూ జరిగి, “పాలక్కను ముందుకు పోనియ్యిండ్రి” అనేవాళ్లు. వద్దన్నా వినేవాళ్లు కాదు. వరుసలో నిలబడ్డవాళ్లు నడుములు పట్టుకొని ఒకరికొకరు నొప్పులు చెప్పుకునేవాళ్లు. నేను ముందుకెళ్లి నీళ్లు పట్టుకొని, వాళ్లందరి పక్క నుంచి ఒక్కదాన్నే తిరిగి వచ్చేదాన్ని. ఆ ఏడు చివరికి మాత్రలు ఆపేశారు. గీత సన్నటి వెంట్రుకలా నిలబడిపోయింది. పోదు, పెరగదు, అలా ఎంతకాలం ఉంటే అంతకాలం మంచిదన్నారు. ఆరు నెలలకొకసారి హైదరాబాదు వెళ్లి పట్టీ తీయించుకొని వస్తున్నాను. ప్రతిసారీ ముందు రోజు అన్నం సయించదు.

ఈ ఏడు జనవరిలో నొప్పి మళ్లీ వచ్చింది. ఈసారి మోకాళ్లు, మెడ. పొద్దున లేవాలంటే గోడ కావాలి. ఎవరికీ చెప్పలేదు. గీత మళ్లీ లేచిందనుకున్నాను. ఇంట్లో తాళాలు ఏవి ఎక్కడున్నాయో ఒక కాగితం మీద రాసిపెట్టి బస్సెక్కాను.

ఆ డాక్టరు ఇప్పుడు అదే దవాఖానలో పెద్ద డాక్టరు. రక్తం తీసుకున్నారు, ఫిల్ములు తీశారు. పట్టీ రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. అప్పుడు ఆయన నన్ను ఒక మాట అడిగాడు. నగరంలో పరిశోధన చేసేవాళ్లకు నా రక్తం కొంచెం ఇస్తానా అని. ఒక చిత్రం చూపించాడు. పలక అంత జాగాలో వందల చుక్కలు, కొన్ని నల్లగా, కొన్ని ఉన్నాయా లేవా అన్నట్టు.

“మన పట్టీలో ప్రోటీన్లు ఒక వైపుకే పరుగెత్తుతాయి. దీంట్లో ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా పరుగెత్తిస్తారు. మసకగా కలిసిపోయినవన్నీ విడివిడిగా తేలుతాయి” అన్నాడు. “ఒక్కొక్క చుక్క ఒక్కొక్క ప్రోటీను. జబ్బు ఉన్నప్పుడు ఏ చుక్క పెరిగింది, ఏది మాయమైంది అని ఒక్క గీతను కాకుండా అన్నింటినీ ఒకేసారి చూడాలని ఇప్పుడు ప్రపంచమంతా పని జరుగుతోంది. మీలాగా గీత నిలిచిపోయినవాళ్ల రక్తం కావాలి.”

“దాంతోని నాకేమన్న తెలుస్తదా?”

“మీకు తెలియదు. మీ తర్వాతవాళ్లకు తెలియొచ్చు.”

ఆ చుక్కలు చాలాసేపు చూశాను. అరవై ఇళ్ల పాలు, ఏ ఇంటివి ఆ ఇంటికి విడదీసినట్టు. నా కాలంలో అట్లాంటి పరీక్ష ఉంటే ఖాజాబీ కేంద్రానికి వచ్చేదే కాదు. ఇస్తానన్నాను. చీటీ మీద ఊరి పేరు సరిగ్గా రాయమన్నాను.

రెండు రోజులు షాద్‌నగర్‌లో గడిపాను. వనజ కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

మూడోనాడు డాక్టరు పట్టీని నా వైపు తిప్పి పెట్టాడు. ముందు నన్నే చదవమన్నాడు. వెంట్రుక అంత గీత. పోయినసారి ఉన్నంతే. చుట్టూ మసక నిండుగా ఉంది.

“మరి నొప్పి?”

మోకాలి ఫిల్ము కిటికీకి ఎత్తాడు. ఎముక తెల్లగా, గట్టిగా, అంచుల్లో ముళ్లలా పెరిగి కనిపించింది. రంధ్రాలు లేవు.

“ఏ ఊరమ్మా మీది?” అన్నాడు నవ్వుతూ.

నాకు అర్థమయ్యేసరికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక బల్ల పట్టుకున్నాను.

నాలాంటి ఊళ్ల నుంచి వచ్చి ఇది చదివేవాళ్లకు ఒక మాట. నొప్పి ఒక్కచోటే నిలిచి ఉండి, పని చేస్తే ఎక్కువవుతుంటే, ఆయాసం తోడైతే, డాక్టరు మీ ఊరి పేరు విని చీటీ రాసేటప్పుడు, ఒక ఫిల్ము కూడా తీయించండి సారూ, అని అడగండి. ఊరందరి జబ్బు మీకూ ఉండొచ్చు. దాని చాటున మీ ఒక్కరిదే ఇంకొకటి ఉండొచ్చు. రెండూ ఉండొచ్చు, నాకున్నట్టు.

ఊరికి చేరేసరికి ట్యాంకరు వచ్చి ఉంది. సంచి ఇంట్లో పెట్టి బిందె తీసుకొని పోయాను. ఎప్పటిలాగే జరిగి దారి ఇచ్చారు. వరుస మధ్యలో ఖాజాబీ ఉంది. ఆమెకు ఎదురుగా వెళ్లి నిలబడ్డాను, మెడ తిప్పే పని లేకుండా.

“ఏమన్నరక్కా?” అంది. ఎక్కడికి పోయానో ఎవరికీ చెప్పలేదు, అయినా తెలుసుకుంది.

“మోకాళ్లది నీళ్లదేనట” అన్నాను. “ఫిల్ముల తెల్లగ అవుపడింది.”

“ఆ గీత?”

“అట్లనే ఉన్నది. లేవలె.”

ఖాజాబీ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత మనిషంతా వరుస వైపు తిరిగి గట్టిగా చెప్పింది.

“ఇంటున్నరా? పాలక్కకు మన నొప్పే వచ్చిందట. ఇగ ముందట పోనియ్యకుండ్రి.”

మళ్లీ నా వైపు తిరిగింది.

“ఏం చూస్తున్నవ్? ఎనుకకు పో. నీ వంతొచ్చినప్పుడు పట్టుకో.”

బిందె చంకన పెట్టుకొని వరుస చివరికి నడిచాను. మోకాళ్లు బాగా నొచ్చాయి. నా ముందు నిలబడ్డ ఆమె జరిగి, “నీక్కూడ పొద్దుగాల్నే ఎక్కువనా అక్కా?” అని అడిగింది.

“పొద్దుగాల్నే” అన్నాను.